ముసలితనానికి దొరికిన గడువు: దేశాల లెక్కలు, పాలమూరు పల్లెలు

నారాయణపేట నుంచి దేవరకొండ దాకా ఏ ఊళ్లోనైనా ఆసరా పింఛన్లు ఇచ్చే రోజు పొద్దున అరుగు మీద కాసేపు కూర్చుంటే, జనాభా లెక్కల్లోని మొట్టమొదటి చిక్కు ఏమిటో అర్థమవుతుంది. వయసెంత అని అడిగితే అక్కడి పెద్దవాళ్లు అంకె చెప్పరు, సంగతి చెబుతారు. సాగర్ కట్ట పనికి తల్లి పోయినప్పుడు తాను చంకపిల్లనని ఒకామె అంటుంది. అరవై తొమ్మిది తెలంగాణ లొల్లి నాటికే తనకు పెండ్లయిందని ఇంకొకామె అంటుంది. రజాకార్ల నాడు గడ్డివాములో దాక్కున్న జ్ఞాపకం ఉన్నవాళ్లు ఊరికి ఒకరో ఇద్దరో మిగిలి ఉంటారు. ఆధార్ కార్డుల్లో మాత్రం వీరిలో చాలామంది జనవరి 1న పుట్టారు. పుట్టిన తేదీకి కాగితం లేనివారికి ఏడాదిని అంచనాగా రాసినప్పుడు పడే తేదీ అది. జనాభా లెక్కల పుస్తకాల్లోనూ ఇదే కథ కనిపిస్తుంది: 60, 65, 70 ఏళ్ల దగ్గర జనం గుట్టలుగా పోగుపడతారు, 61, 64, 69 దగ్గర పలుచబడతారు.

దేశదేశాల వృద్ధాప్యాన్ని పోల్చే లెక్కంతా ఈ వయసు అనే అంకె మీదనే నిలబడి ఉంది. 65 ఏళ్లు పైబడినవారు మొత్తం జనాభాలో 7 శాతం దాటితే ఆ సమాజం వృద్ధాప్యంలోకి అడుగుపెట్టిందని, 14 శాతం దాటితే వృద్ధ సమాజమైందని, 20 శాతం దాటితే అతివృద్ధ సమాజమైందని చెప్పుకోవడం ఆనవాయితీ. 7 శాతం అనే గీత 1956లో ఐక్యరాజ్యసమితి వెలువరించిన ఒక నివేదికతో వాడుకలోకి వచ్చింది. 65 ఏళ్లు అనే గీతకు మూలం ఇంకా పాతది. జర్మనీలో బిస్మార్క్ హయాంలో 1889లో వచ్చిన వృద్ధాప్య పింఛను చట్టం 70 ఏళ్లు నిండినవారికి వర్తించేది. 1916లో దాన్ని 65కు తగ్గించారు. భారతదేశపు ప్రభుత్వ లెక్కలు 60 ఏళ్ల నుంచే వృద్ధులుగా పరిగణిస్తాయి కాబట్టి, ఒక పత్రికలో 10 శాతమని, మరో పత్రికలో 7 శాతమని కనిపిస్తే రెండూ తప్పు కానక్కరలేదు; గీత ఎక్కడ గీశారన్నది చూసుకోవాలి.

ఏ దేశంలో ఎంత శాతం వృద్ధులున్నారన్న పట్టిక చూడగానే ఆకట్టుకుంటుంది. జపాన్‌లో 65 దాటినవారు 29 శాతం, ఇటలీలో సుమారు 24 శాతం, భారతదేశంలో 7 శాతం. వీటిని పక్కపక్కన పెట్టి చూసిన పాఠకుడికి మనకు ఇంకా చాలా కాలం ఉందనిపిస్తుంది. ఆ భావన సరైంది కాదు. అసలు పోల్చవలసింది శాతాలను కాదు, ఒక శాతం నుంచి మరో శాతానికి చేరడానికి పట్టిన ఏళ్లను. 65 దాటినవారి వాటా 7 నుంచి 14 శాతానికి పెరగడానికి ఫ్రాన్స్‌కు 1860ల నుంచి 1979 వరకు, అంటే దాదాపు 115 ఏళ్లు పట్టింది. స్వీడన్‌కు 85 ఏళ్లు, అమెరికాకు 70 ఏళ్ల చిల్లర, బ్రిటన్, జర్మనీలకు 40 నుంచి 45 ఏళ్లు పట్టాయి. జపాన్ అదే దూరాన్ని 1970 నుంచి 1994 లోపు, 24 ఏళ్లలో నడిచింది. దక్షిణ కొరియాకు 2000 నుంచి దాదాపు 18 ఏళ్లే పట్టాయి. ఆ దేశం 2024 డిసెంబరులో 20 శాతం గీత కూడా దాటేసింది. చైనా 2000 ప్రాంతంలో 7 శాతం దగ్గర ఉండి, 2021లో 14 శాతం దాటింది.

వెనుక వచ్చిన దేశానికి గడువు తక్కువ అన్న ఈ వరుసలో భారతదేశం ఎక్కడ పడుతుంది? ఐక్యరాజ్యసమితి అంచనాల ప్రకారం మన దేశంలో 65 దాటినవారు 2022–23 ప్రాంతంలో 7 శాతానికి చేరారు, 2050 నాటికి సుమారు 15 శాతం అవుతారు. అంటే ఉజ్జాయింపుగా జపాన్ వేగం. ఫ్రాన్స్ నాలుగు తరాలు తీసుకున్న పనికి మనకు ఒక్క తరం దొరుకుతుంది.

గడువు ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఆ దేశాలు తమ గడువులో ఏం చేశాయో చూడాలి. స్వీడన్ 1913లోనే పేద, ధనిక తేడా లేకుండా దేశప్రజలందరికీ వర్తించే పింఛను చట్టం చేసింది. 14 శాతానికి చేరడానికి అప్పటికి ఇంకా దాదాపు అరవై ఏళ్లు ఉన్నాయి. జపాన్ గడువు చిన్నదే అయినా, ఆ దేశం 7 శాతం గీత దాటకముందే, 1961 నాటికే అందరికీ ఆరోగ్య బీమాను, అందరికీ పింఛనును చట్టంగా అమలులో పెట్టింది. 1968 నాటికి పశ్చిమ జర్మనీని దాటి పెద్ద ఆర్థిక వ్యవస్థ అయింది. చైనా తలసరి ఆదాయం 2000లో వెయ్యి డాలర్ల లోపు. 2021 నాటికి 12 వేల డాలర్లు దాటింది. అయినా ధనవంతులం కాకముందే ముసలివాళ్లమయ్యామన్న మాట ఆ దేశంలో సామెతలా వినిపిస్తుంది. మన తలసరి ఆదాయం 7 శాతం గీత దగ్గర సుమారు రెండున్నర వేల డాలర్లు. ఇక్కడ న్యాయంగా ఒప్పుకోవలసిన మాట ఒకటుంది: అదే గీత దగ్గర చైనా మనకంటే బీదది. గీత దాటే రోజున చేతిలో ఎంత ఉందన్నది సగం సంగతే. ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో ఎంత సంపాదించారు, దాన్ని ఎవరి కోసం దాచారు అన్నది మిగతా సగం.

ఒక సమాజం ఎందుకు ముసలిదవుతుంది? జనం ఎక్కువ కాలం బతకడం వల్ల అని చాలామంది జవాబిస్తారు. ఇది సహజంగా తోచే జవాబే కానీ, మొదటి దశలో జరిగేది దీనికి విరుద్ధం. ఆన్స్‌లీ కోల్ అనే అమెరికా జనాభా శాస్త్రవేత్త 1950లలో దీన్ని లెక్క కట్టి చూపాడు. మరణాలు తగ్గినప్పుడు మొదట బతికి బట్టకట్టేది పసిపిల్లలు. మశూచి టీకాలు, మలేరియా మీద డీడీటీ చల్లడం, మంచి నీళ్లు వంటివి 1950ల తర్వాత మన పల్లెలకు వచ్చినప్పుడు, అప్పటివరకు ఆరుగురు పుట్టి ముగ్గురు దక్కే ఇంట్లో ఐదుగురు దక్కడం మొదలైంది. దాంతో ఊరు ముసలిది కాలేదు, పడుచుదైంది. ఊరు ముసలిదయ్యేది కాన్పులు తగ్గినప్పుడే. కింది అంతస్తులోకి వచ్చే పిల్లలు తగ్గితే, పైన ఉన్నవాళ్లు ఒక్కరు కూడా పెరగకపోయినా వారి వాటా పెరుగుతుంది. పెద్దవయసులో మరణాలు తగ్గడం జపాన్ వంటి దేశాల్లో చివరి దశలో మాత్రమే పెద్ద కారణంగా మారింది.

కాన్పులు తగ్గడమే అసలు కారణమైతే, దక్షిణ తెలంగాణ కథలో ఒక విడ్డూరం ఉంది. ఐరోపాలో కాన్పులు తగ్గడం చదువుతో, ఆడవాళ్ల ఉద్యోగాలతో, ఆలస్యపు పెళ్లిళ్లతో, నగర జీవితంతో ముడిపడి నెమ్మదిగా సాగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 1992–93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2.6, 2005–06 నాటికి అది 1.8. తరం మారినా జనాభా తగ్గకుండా ఉండాలంటే కావలసింది 2.1 కాబట్టి, పదమూడేళ్లలోనే ఆ గీత దాటి కిందికి వచ్చేశామన్నమాట. 2019–21 సర్వేలో తెలంగాణది 1.8, దేశానిది 2.0. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతం, అప్పటి రాష్ట్రంలోని 23 జిల్లాల్లోనూ అట్టడుగు. చదువు వెనుకబడింది, సంపద రాలేదు, పెళ్లి వయసు పెద్దగా పెరగలేదు. అయినా కాన్పులు మాత్రం తగ్గిపోయాయి. ఇద్దరు పిల్లలు పుట్టగానే ఇరవై అయిదేళ్లు నిండకముందే తల్లికి ఆపరేషన్ చేయించడం ఇక్కడి పద్ధతి. స్వీడన్ స్త్రీ ముప్పై దాటాక మొదటి బిడ్డను కంటుంటే, ఆ వయసుకు ఇక్కడి తల్లి కాన్పుల ఊసే మరచి కూతురి పెళ్లి ఖర్చులకు డబ్బు జమ చేస్తూ ఉంటుంది.

ఈ తేడాకు ముసలితనంలో ఫలితం ఉంటుంది. తల్లికి, బిడ్డకు మధ్య ఇరవై ఏళ్ల ఎడమే ఉన్న ఇంట్లో 80 ఏళ్ల అత్తను చూసుకునే కోడలికి దాదాపు 60 ఏళ్లుంటాయి. ఆమె మోకాళ్లు కూడా అప్పటికి అరిగిపోయి ఉంటాయి. ఇంట్లో ఇద్దరు వృద్ధులు, అందులో ఒకరు మరొకరికి ఆధారం; 40 ఏళ్ల మనుమడు ఏ పుణెలోనో కట్టడం పని మీద ఉంటాడు. ప్రభుత్వాల పట్టికల్లో ఈ ఇల్లు కుటుంబ సంరక్షణ ఉన్న ఇల్లుగానే లెక్కకు వస్తుంది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ప్రకారం పిల్లలు చూడకపోతే వృద్ధులు రెవెన్యూ డివిజన్ స్థాయి ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. చూడడానికి మనసు లేని కొడుకుకు ఆ చట్టం భయం చెబుతుంది. మనసుండీ ఊళ్లో లేని కొడుకు విషయంలో ఏమీ చేయలేదు.

దక్షిణ కొరియా ఉదాహరణను మనవాళ్లు ఇంతకంటే శ్రద్ధగా చదవాలి. 1960లో ఆ దేశంలో ఒక స్త్రీకి సగటున ఆరుగురు పిల్లలు. 1983 నాటికి 2.1 కంటే తక్కువ, 2023లో 0.72. ఆదాయం విషయంలో ఆ దేశం సాధించింది తక్కువేమీ కాదు. కానీ జాతీయ పింఛను పథకం మొదలైందే 1988లో, పట్టణాల్లోని స్వయం ఉపాధి వారికి కూడా విస్తరించింది 1999లో. పింఛను పథకంలో దశాబ్దాల పాటు డబ్బు కట్టినవాడికే నిండు పింఛను వస్తుంది. దేశాన్ని తమ చేతులతో కట్టిన తరం, అంటే 1960లు, 70లలో ఫ్యాక్టరీల్లో, ఓడల రేవుల్లో పనిచేసిన తరం, పథకం ఊపందుకునేలోగా ముసలిదైపోయింది. పిల్లల చదువులకు ఊడ్చిపెట్టి ఖర్చు చేసిన ఆ తల్లిదండ్రులు వాళ్లే చూసుకుంటారన్న నమ్మకంతో ఉన్నారు. ఆ పిల్లలు సియోల్ అద్దెల కింద నలిగిపోయారు. ఫలితంగా ఇవాళ అంత సంపన్న దేశంలో 65 దాటినవారిలో నూటికి దాదాపు 40 మంది సాపేక్ష పేదరికంలో, అంటే దేశపు మధ్యస్థ ఆదాయంలో సగం కూడా రాని స్థితిలో ఉన్నారు. అభివృద్ధి చెందిన దేశాల కూటమిలో ఇదే అత్యధికం. 65 దాటినవారిలో మూడోవంతుకు పైగా ఇంకా పనిచేస్తున్నారు, చాలామందికి అది ఇష్టం వల్ల కాదు. రాజధాని వీధుల్లో నడుము వంగిన అవ్వలు అట్టపెట్టెలు ఏరి, తోపుడు బండి మీద తూకానికి తీసుకుపోయే దృశ్యం ఆ దేశంలో అందరికీ తెలిసిందే. ఆ దృశ్యానికి కారణం కొడుకులు చెడ్డవాళ్లు కావడం కాదు, గడువు తగ్గడం.

మన దగ్గర దానికి సమానమైన దృశ్యం పత్తి చేలల్లో, వడ్ల కల్లాల్లో, ఉపాధి హామీ పనుల్లో కనిపిస్తుంది. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం పనికి కింది వయసును 18గా నిర్ణయించింది కానీ పై వయసుకు హద్దు పెట్టలేదు. అందువల్ల అరవై అయిదేళ్ల మనిషి మేలో ఎండన పడి మట్టి తవ్వడం చట్టప్రకారం హక్కు, వాస్తవంలో అవసరం. ఆ మనిషే పింఛను రోజున బొటనవేలును యంత్రం మీద పెడితే ముద్ర పడదు. చీర కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెడుతుంది. చూపుడు వేలు, ఉంగరం వేలు, ఎడమ చేయి, అన్నీ అవుతాయి. పార పట్టి, కలుపు పీకి, బండలు మోసి గీతలు అరిగిపోయిన వేళ్లవి. ఆమె చేసిన పనికి ఏ దస్తావేజూ లేదు, ఉన్న ఒక్క సాక్ష్యమూ యంత్రానికి అందదు.

పింఛను మొత్తాల సంగతికి వస్తే, కేంద్రం ఇచ్చే జాతీయ వృద్ధాప్య పింఛను 60 నుంచి 79 ఏళ్ల వారికి నెలకు 200 రూపాయలు, 80 దాటితే 500. 200 అన్న అంకె పదిహేనేళ్లకు పైగా కదలలేదు. ఈ మధ్యలో కూరగాయల ధర, బస్సు టికెట్టు, బీపీ మాత్రల ధర అన్నీ కదిలాయి. తెలంగాణ ప్రభుత్వం 2014 నవంబరులో ఆసరా పేరుతో పింఛనును వెయ్యి రూపాయలు చేసింది, 2019లో 2,016కు పెంచింది, ఆ తర్వాత అర్హత వయసును 65 నుంచి 57కు తగ్గించింది. దేశంలోని చాలా రాష్ట్రాలతో పోలిస్తే ఇది మేలైనదే, పల్లెల్లో ముసలివారికి ఇంట్లో మాట చెల్లుబాటు కావడానికి ఈ డబ్బు చేసిన సాయాన్ని తక్కువ చేయకూడదు. అయితే ఇది ప్రతి ఏటా బడ్జెట్టులో పెట్టి ఇచ్చే సాయం; స్వీడన్‌లోనో, జపాన్‌లోనో పనిచేసే వయసులో జమ చేసుకుని ముసలితనంలో తీసుకునే హక్కు లాంటిది కాదు. వృద్ధుల వాటా రెండింతలైన రోజున బడ్జెట్టు దీన్ని ఎలా మోస్తుందన్నది ఇప్పటినుంచే వేసుకోవలసిన లెక్క.

జపాన్ నుంచి నేర్చుకోవలసింది టోక్యో ఆసుపత్రుల గురించి కాదు, ఆ దేశపు కొండ పల్లెల గురించి. ఊరి జనంలో సగం మందికి పైగా 65 దాటినవారైతే ఆ ఊరిని అక్కడ హద్దుకు వచ్చిన ఊరు అంటారు. పెళ్లి, చావు, కాలువ పూడిక, గుడి పండుగ వంటి ఉమ్మడి పనులు చేసుకునే శక్తి ఇక మిగలని ఊరని దాని భావం. యువకులు 1960ల నుంచి నగరాలకు పోతూ ఉండడం వల్ల దేశమంతటి సగటు 10 శాతం కూడా లేని రోజుల్లోనే కొన్ని పల్లెలు ముసలివయ్యాయి. 2023 సర్వే ప్రకారం ఆ దేశంలో దాదాపు 90 లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి, అంటే సుమారు ఏడిళ్లకు ఒకటి. దేశపు సగటు చూసి నిశ్చింతగా ఉండకూడదని జపాన్ పల్లెలు చెప్పే పాఠం పాలమూరుకు సరిగ్గా వర్తిస్తుంది.

వలస అనేది వయసుల లెక్కను ఎలా తిప్పేస్తుందో ప్రపంచంలో రెండు కొసల దగ్గర చూడవచ్చు. బల్గేరియా జనాభా 1980ల చివరలో దాదాపు 90 లక్షలు. 2021 జనాభా లెక్కల్లో 65 లక్షలు. కాన్పులు తగ్గడం ఒక కారణం, పడుచువాళ్లు పశ్చిమ ఐరోపాకు పోవడం అంతే పెద్ద కారణం. మిగిలింది వయసు మళ్లిన దేశం. రెండో కొసన ఎమిరేట్స్, ఖతార్ వంటి గల్ఫ్ దేశాలున్నాయి. అక్కడ 65 దాటినవారు రెండు శాతానికి అటూ ఇటూ. అది అక్కడివారి ఆరోగ్య రహస్యం కాదు: మన కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల వారితో సహా పనిచేసే వయసులో వచ్చి, శక్తి ఉడిగే వయసులో ఇంటికి తిరిగిపోయే లక్షలాది మంది వల్ల వచ్చిన పడుచుదనం అది. వాళ్ల ముసలితనపు ఖర్చు గల్ఫ్ దేశాల ఖాతాలో పడదు, పుట్టిన ఊరి ఖాతాలో పడుతుంది.

పాలమూరు లేబరుది ఇదే కథ, దేశం లోపల. నాగార్జునసాగర్ మొదలుకొని దేశంలోని ఎన్నో ఆనకట్టల మీద, ముంబై, పుణె కట్టడాల మీద పాలమూరు కూలీల చెమట ఉంది. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, పంట పనులు అయ్యాక భార్యాభర్తలు ఇద్దరూ కదిలిపోతారు. ఇంట్లో ముసలివాళ్లు, బడికి పోయే పిల్లలు మిగులుతారు. కోయిల్‌సాగర్, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు అందిన ఊళ్లలో ఈ వలస బాగా తగ్గింది, ఆగిపోలేదు. దాని దిక్కు కొంత హైదరాబాదు వైపు తిరిగింది. తండాల్లో, ఎత్తు మీది మెట్ట ఊళ్లలో కాపు కాసే మనిషి లేని ఇళ్లకు వేసవిలో తాళాలు కనిపిస్తాయి. జనాభా లెక్కలు ఫిబ్రవరిలో తీస్తే అందని ఇంటి మనుషులు, వానాకాలంలో తీస్తే అందుతారు. ఊళ్లో నిజంగా ఏడాదిలో ఎన్ని నెలలు ఎవరున్నారన్న లెక్క ఏ పట్టికలోనూ ఉండదు, కానీ మంచాన పడిన మనిషికి నీళ్లందించే చేయి ఉందా లేదా అన్నది తేలేది ఆ లెక్కలోనే.

ఏళ్లతో కొలిచే వయసుకు, శరీరం చెప్పే వయసుకు మధ్య ఉండే తేడాను నల్లగొండ కంటే స్పష్టంగా చూపే జిల్లా దేశంలో బహుశా లేదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాల బోరు నీళ్లలో అది దానికి ఎన్నోరెట్లు ఉండేది. ఎముకల ఫ్లోరోసిస్ పట్టిన మనిషికి నలభై ఏళ్లకే వెన్ను బిగుసుకుపోతుంది, మెడ తిరగదు, కూర్చున్నవాడు లేవడానికి గుంజ పట్టుకోవాలి. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వచ్చాక కొత్త తరానికి ఈ బాధ తప్పే దారి ఏర్పడింది. కానీ గట్టిపడిన ఎముక తిరిగి మెత్తబడదు. 45 ఏళ్ల ఆ మనిషిని జనాభా లెక్క పనిచేసే వయసులో వేస్తుంది, అతడిని ఒక ఆధారంగా చూపుతుంది. నిజానికి అతడికే ఆధారం కావాలి.

ఈ లోపాన్ని సరిచేయడానికి వారెన్ సాండర్సన్, సెర్గీ షెర్బోవ్ అనే పరిశోధకులు వేరే కొలత సూచించారు. పుట్టి ఎన్నేళ్లయిందని కాక, సగటున ఇంకా ఎన్నేళ్లు బతుకు మిగిలి ఉందని చూడాలని, మిగిలిన ఆయుష్షు 15 ఏళ్లు లేదా అంతకంటే తక్కువ ఉన్నవారిని వృద్ధులుగా లెక్కించాలని వారి సూచన. ఈ కొలతతో జపాన్, ఐరోపా దేశాలు పట్టికలో కనిపించినంత ముసలివిగా కనిపించవు. 65 ఏళ్ల జపాన్ స్త్రీకి సగటున ఇంకా సుమారు 24 ఏళ్లు ఉంటాయి. మన దేశంలో 60 ఏళ్ల వ్యక్తికి సగటున 18 ఏళ్లే. అంటే ఈ కొలతలో వారి వృద్ధాప్యపు గీత 65 కంటే బాగా పైకి జరుగుతుంది, మనది 65 దగ్గరే ఉండిపోతుంది, రెండు దేశాల మధ్య దూరం పట్టికలో కనిపించేదానికంటే తగ్గుతుంది. మనకు ఇంకా చాలా కాలం ఉందన్న ధీమాను వదులుకోవడానికి ఇది ఒక్కటే చాలు.

దేశం లోపలి తేడాలు దేశాల మధ్య తేడాలంత పెద్దవి. 60 దాటినవారు 1961లో దేశ జనాభాలో 5.6 శాతం, 2011లో 8.6 శాతం. కేంద్రం నియమించిన నిపుణుల బృందం వేసిన అంచనాల ప్రకారం 2021లో కేరళలో 16.5 శాతం, తమిళనాడులో 13.6, ఆంధ్రప్రదేశ్‌లో 12.4, తెలంగాణలో దాదాపు 11, బిహార్‌లో 7.7. బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు ఇవాళ మన వరి నాట్లు వేస్తున్నారు, రైసు మిల్లుల్లో బస్తాలు మోస్తున్నారు. నల్లగొండ, మిర్యాలగూడ మిల్లుల్లో వినిపించే భాషలే దీనికి సాక్ష్యం. దేశదేశాల మధ్య జరిగేది కూడా ఇదే. జర్మనీకి, జపాన్‌కు నర్సులను, సంరక్షకులను పంపడానికి హైదరాబాదులో భాషా శిక్షణలు నడుస్తున్నాయి. ముసలి దేశం పడుచు దేశపు చేతులను అరువు తెచ్చుకుంటుంది. నైజర్ దేశంలో జనాభాలో సగం మంది 15 ఏళ్ల లోపువారు. ఆఫ్రికాలోని ఇటువంటి దేశాలకు తప్ప, ఈ అరువు వనరు మిగతా వారందరికీ వరుసగా తగ్గుతూ పోతుంది. బిహార్ కాన్పులు కూడా తగ్గుతూనే ఉన్నాయి.

మరి పిల్లలను ఎక్కువగా కనమని చెబితే సరిపోదా? ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో స్థానిక ఎన్నికల్లో పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను తీసేసింది. ఇద్దరితో ఆపండి అన్న సింగపూర్ 1987లో మాట మార్చి, తాహతు ఉంటే ముగ్గురినో అంతకంటే ఎక్కువమందినో కనండి అంది; చైనా ఒక్క బిడ్డ విధానాన్ని 2015లో వదిలేసి, 2021లో ముగ్గురికి అనుమతించింది. రెండు చోట్లా కాన్పులు నిలకడగా పెరగలేదు. పెరిగినా, ఇవాళ పుట్టిన బిడ్డ సంపాదించే వయసుకు రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది, ఆలోగా మన గడువు ముగుస్తుంది. 2050లో 65 దాటబోయేవాళ్లందరూ ఇప్పటికే పుట్టి ఉన్నారు, ఇప్పటికే నలభై దాటుతున్నారు. వాళ్లెవరో ఊరి రేషను కార్డులు చూసి పేరుపేరునా చెప్పవచ్చు.

జపాన్ 2000లో తెచ్చిన దీర్ఘకాల సంరక్షణ బీమాలో చందా కట్టడం మొదలయ్యేది సరిగ్గా 40 ఏళ్ల వయసులో. జర్మనీ 1995లో, కొరియా 2008లో ఇటువంటి బీమా పెట్టుకున్నాయి. మంచాన పడిన మనిషికి ఇంటికి వచ్చి స్నానం చేయించే మనిషి జీతం ఆ సొమ్ము నుంచి వస్తుంది. మక్తల్ నుంచో, కొడంగల్ నుంచో పుణె పోయిన 40 ఏళ్ల కూలీకి అటువంటి చందా లేదు. అతడి కోసం ఉన్న దారి 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టాలతో వచ్చింది; 2025 నవంబరులో అవి కొత్త కార్మిక కోడ్‌లలో కలిసిపోయాయి. కట్టడపు ఖర్చులో కనీసం ఒక శాతం సెస్సు వసూలు చేయడం, 18 నుంచి 60 ఏళ్ల లోపు కూలీల పేర్లు సంక్షేమ బోర్డులో రాయడం, 60 నిండాక పింఛను ఇవ్వడం ఆ చట్టాలతో వచ్చినవే. పేరు రాయించుకోవాలంటే గత ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు కాగితం కావాలి. ఆ కూలీ నాలుగు నెలలు పుణెలో, మూడు నెలలు బెంగళూరులో, మిగతా కాలం ఊళ్లో ఉంటాడు. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో బోర్డు. కాగితం ఇవ్వవలసింది కాంట్రాక్టరు, కూలీ ఎరిగింది మేస్త్రిని. మేస్త్రి దగ్గర ఉండే నోటుపుస్తకంలో అడ్వాన్సు ఎంత ఇచ్చాడో రాసి ఉంటుంది, ఎన్ని రోజులు పనిచేశాడో కూడా రాసి ఉంటుంది. గుంపు లెక్క తేలి, అందరూ ఊరికి బస్సెక్కిన నాడు ఆ పుస్తకం మేస్త్రి సంచిలోనే ఉండిపోతుంది.